ఎల్‌వీఎంహెచ్ షేరు దాదాపు సగానికి పడింది. ఇప్పుడు కొనొచ్చా? (2025 ఆగస్టు నాటి చర్చ)

గోదారిగట్టు
అందరికీ నమస్కారం. కొద్దికాలంగా ఎల్‌వీఎంహెచ్ గురించి చదువుతున్నాను. లూయీ విట్టన్, డియోర్, టిఫనీ, బుల్గారి, సెఫోరా, హెన్నెసీ కాన్యాక్, మోయె షాంపేన్ ఇలా 75 బ్రాండ్లు ఉన్న ఫ్రెంచి కంపెనీ ఇది. 2023 ఏప్రిల్‌లో షేరు 900 యూరోలు దాటింది. 50 వేల కోట్ల డాలర్ల మార్కెట్ విలువకు చేరిన మొదటి యూరప్ కంపెనీ కూడా ఇదే. ఇప్పుడు, 2025 ఆగస్టులో, షేరు 500 యూరోల చుట్టూ తిరుగుతోంది.

కంపెనీ నష్టాల్లో లేదు. 2024లో నికర లాభం 1,255 కోట్ల యూరోలు, షేరుకు 13 యూరోల డివిడెండ్. కనీసం పదేళ్లు పెట్టి ఉంచగలిగే డబ్బు నాది. ఇంత గట్టి బ్రాండ్లున్న కంపెనీ దాదాపు సగం ధరకు దొరుకుతుంటే ఎందుకు వదులుకోవాలి? ఎక్కడైనా తప్పు లెక్క వేస్తున్నానేమో చెప్పండి. కొందరు మిత్రులు ఎల్‌వీఎంహెచ్ వద్దు, ఫ్రాన్స్‌కే చెందిన మరో లగ్జరీ కంపెనీ ఎర్మెస్ కొనమంటున్నారు. దాని మీద కూడా మీ అభిప్రాయం కావాలి.

డల్లాస్‌వాసి
నా దగ్గర ఏడీఆర్ (విదేశీ షేరుకు బదులు అమెరికాలో ట్రేడయ్యే రసీదు) రూపంలో కొంత ఉంది. అసలు షేరు 700 యూరోల దగ్గర ఉన్నప్పుడు కొన్నాను, అమ్మే ఆలోచన లేదు. బెర్నార్ ఆర్నో 1989 నుంచి ఈ కంపెనీని నడుపుతున్నాడు. 2008 సంక్షోభం చూశాడు, 2020లో దుకాణాలన్నీ మూతపడటం చూశాడు. రెండుసార్లూ కంపెనీ ముందుకన్నా పెద్దదై బయటికొచ్చింది. ఈసారి కూడా అంతే అని నా నమ్మకం.

లెక్కలమాస్టారు
గోదారిగట్టు గారూ, "సగం ధర" అన్న మాటను ముందు పక్కన పెట్టండి. 900 అనేది 2023లో కొన్నవాళ్లు ఇచ్చిన ధర, అంతకు మించి దానికి అర్థం లేదు. ఆ ఏడాది షేరుకు లాభం 30 యూరోలు, అంటే పీఈ (షేరు ధర ఏడాది లాభానికి ఎన్ని రెట్లో చెప్పే అంకె) 30. 2024లో షేరుకు లాభం 25కి దిగింది. 2025 జులై 24న వచ్చిన అర్ధ సంవత్సరం ఫలితాల్లో నికర లాభం మళ్లీ 22 శాతం తగ్గి 570 కోట్లయింది. గత నాలుగు త్రైమాసికాలు కలిపితే షేరుకు దాదాపు 22 యూరోలు. 500ని 22తో భాగిస్తే పీఈ 22, 23 మధ్యలో వస్తుంది. షేరు ధర 45 శాతం పడితే లాభం కూడా పాతిక శాతం పైన పడింది. ధర సగమైనంత మాత్రాన షేరు అంత చవకైపోలేదు.

ఇక 75 బ్రాండ్లు ఉన్నాయి కాబట్టి రిస్కు పంచుకుపోతుంది అనుకోకండి. 2024 లెక్క విభాగాల వారీగా చూడండి. మొత్తం అమ్మకాలు 8,470 కోట్ల యూరోలు. అందులో ఫ్యాషన్, లెదర్ విభాగం 4,106 కోట్లు, అంటే సగానికి కాస్త తక్కువ. లాభం దగ్గరికొస్తే ఆ ఒక్క విభాగానిదే 1,523 కోట్లు, కంపెనీ మొత్తం నిర్వహణ లాభం (వడ్డీ, పన్నులకు ముందు వ్యాపారంలో మిగిలేది) 1,957 కోట్లు. అంటే 78 శాతం అక్కడి నుంచే. సెఫోరా ఉన్న రిటైల్ విభాగం 1,826 కోట్ల అమ్మకాలు చేసి 139 కోట్లే మిగిల్చింది. పెర్‌ఫ్యూముల లాభం 67 కోట్లు. కాన్యాక్, షాంపేన్ లాభం ఒక్క ఏడాదిలో మూడో వంతుకు పైగా తగ్గి 136 కోట్లకు దిగింది.

కాబట్టి మీరు కొనేది ప్రధానంగా లూయీ విట్టన్, దాని తర్వాత డియోర్. ఆ రెండు బ్రాండ్ల ఆరోగ్యం మీద అభిప్రాయం లేకుండా ఈ షేరు మీద అభిప్రాయం ఏర్పడదు.

తుంగభద్ర
మాస్టారూ, ఆ 78 శాతం సంగతి నాకు కొత్త. మరి ఆ విభాగం 2019లో ఎలా ఉండేది? కోవిడ్ తర్వాత వచ్చిన పొంగు ఎంత, అసలు బలం ఎంత అని తెలుసుకోవాలంటే అక్కడి నుంచి చూడాలి కదా.

లెక్కలమాస్టారు
మంచి ప్రశ్న. నా దృష్టిలో ఈ షేరు కథంతా ఇక్కడే ఉంది.

2019లో ఫ్యాషన్, లెదర్ అమ్మకాలు 2,224 కోట్ల యూరోలు. 2023లో 4,217 కోట్లు. నాలుగేళ్లలో దాదాపు రెట్టింపు. మార్జిన్ (అమ్మకాల్లో లాభం వాటా) 33 శాతం నుంచి 40 శాతానికి చేరింది. ఈ పరిమాణంలో ఉన్న కంపెనీకి ఇది మామూలు విషయం కాదు. అయితే ఈ పెరుగుదల ఎక్కడి నుంచి వచ్చిందో చూడాలి. కొత్త కొనుగోలుదారులు కొంత, లాక్‌డౌన్లలో మిగిలిన డబ్బు కొంత, ధరల పెంపు చాలా. 2020 నుంచి 2023 దాకా పెద్ద ఫ్యాషన్ సంస్థలన్నీ వరసగా రేట్లు పెంచుకుంటూ పోయాయి. షేర్ మార్కెట్‌లో లేని షనెల్ సంగతే తీసుకోండి, దాని మీడియం సైజు క్లాసిక్ బ్యాగు 2024లో 10 వేల యూరోలు దాటింది.

ఆ తర్వాత ఏమైంది? 2022 నుంచి 2024 మధ్య లగ్జరీ మార్కెట్ 5 కోట్ల మంది కొనుగోలుదారులను పోగొట్టుకుందని బెయిన్ అనే కన్సల్టింగ్ సంస్థ అంచనా. వీళ్లు కోటీశ్వరులు కాదు. జీతంలో దాచుకుని రెండేళ్లకో మూడేళ్లకో ఒక వస్తువు కొనే ఉద్యోగులు. ఎర్మెస్ వీళ్ల మీద పెద్దగా ఆధారపడదు, లూయీ విట్టన్ ఆధారపడుతుంది. 2024లో ఆ విభాగం మార్జిన్ 37కి, 2025 మొదటి అర్ధ సంవత్సరంలో 35 లోపుకి దిగింది. అంటే 2019 స్థాయికి దగ్గరికొచ్చేసింది.

నన్ను వేధించే ప్రశ్న ఒక్కటే. వెళ్లిపోయిన ఆ కొనుగోలుదారుడు డబ్బు లేక ఆగాడా, లేక ఈ వస్తువుకి ఇంత ఇవ్వడం అన్యాయమని తేల్చుకున్నాడా? మొదటిదైతే తిరిగి వస్తాడు, ఇది మామూలు చక్రం. రెండోదైతే బ్రాండు మీద నమ్మకమే పోయింది, దాన్ని తిరిగి కట్టుకోవడానికి ఏళ్లు పడుతుంది.

పారిస్‌తెలుగు
ఇక్కడ ఉంటున్నాను కాబట్టి రెండు మాటలు. మాస్టారు అడిగిన ప్రశ్నకు ఇటలీ కోర్టు కేసులు కొంత సమాధానం చెబుతాయి. 2024 జూన్‌లో మిలన్ కోర్టు డియోర్ తయారీ విభాగం ఒకదాన్ని న్యాయ పర్యవేక్షణ కింద పెట్టింది. డియోర్‌కి పని చేసే సబ్‌కాంట్రాక్టర్ల దగ్గర కార్మికులను దోచుకుంటున్నారన్నది ఆరోపణ. 2,600 యూరోలకు అమ్మే బ్యాగు కుట్టినందుకు సరఫరాదారుకి ఇచ్చింది 53 యూరోలని దర్యాప్తు పత్రాల్లో వచ్చింది. తోలు, జిప్పు ఖర్చు వేరే అనుకోండి. అయినా ఆ రెండు అంకెలు పక్కపక్కన పత్రికల్లో వచ్చాక మధ్యతరగతి కొనుగోలుదారు మనసులో ఏముంటుంది? ఆ పర్యవేక్షణ 2025 మొదట్లో ఎత్తేశారు. కానీ 2025 జులైలో ఎల్‌వీఎంహెచ్‌దే అయిన దుస్తుల బ్రాండు లోరో పియానా మీద అదే కోర్టు అలాంటి ఉత్తర్వే ఇచ్చింది.

పెట్టుబడిదారుడిగా దీన్ని నైతిక ప్రశ్న అని పక్కన పెట్టలేం. లగ్జరీ కంపెనీ అమ్మేదే "ఇది ప్రత్యేకంగా, మంచి చేతుల్లో తయారైంది" అన్న నమ్మకాన్ని. ఆ నమ్మకం దెబ్బతింటే నేరుగా మార్జిన్ మీద పడుతుంది.

ఎర్మెస్ పద్ధతి వేరు. మొదటి నుంచి చివరి దాకా ఒక బ్యాగును ఒకే కళాకారుడు కుడతాడు. వర్క్‌షాపులు ఫ్రాన్స్‌లోనే. దాదాపు ఏడాదికొకటి కొత్తది తెరుస్తారు, సొంత శిక్షణ పాఠశాల కూడా ఉంది. తోలు వస్తువుల ఉత్పత్తి ఏడాదికి 6, 7 శాతం మించి పెంచరు. మన గద్వాల చీర లాంటిదే ఇది: ఎంత గిరాకీ ఉన్నా మగ్గాలు ఎన్ని ఉన్నాయో, నేర్చిన చేతులు ఎన్ని ఉన్నాయో అన్ని చీరలే వస్తాయి. అందుకే మార్కెట్ పడినప్పుడు కూడా వాళ్ల దగ్గర క్యూ ఉంటుంది. ఎల్‌వీఎంహెచ్ ఫ్యాషన్ విభాగం 2025 మొదటి అర్ధ సంవత్సరంలో 7 శాతం తగ్గితే, ఎర్మెస్ మారకపు ప్రభావం తీసేసి 8 శాతం పెరిగింది. మార్జిన్ 41 శాతం పైనే.

ఓరుగల్లు_పెట్టుబడి
అయితే విషయం తేలిపోయినట్టే కదండీ. ఎర్మెస్ కొనేస్తే సరి. 2025 ఏప్రిల్ 15న ఎల్‌వీఎంహెచ్‌ని దాటి పారిస్ మార్కెట్లో అతి విలువైన కంపెనీ అయింది కూడా. అమ్మకాలు ఐదో వంతు కన్నా తక్కువ, విలువ మాత్రం ఎక్కువ. మార్కెట్ తన తీర్పు చెప్పేసింది.

లెక్కలమాస్టారు
ఓరుగల్లు గారూ, మంచి కంపెనీ అన్నదాంట్లో నాకు అనుమానం లేదు. ధరే సమస్య. 2025 ఆగస్టులో షేరు 2,100 దగ్గర ఉంది, 2024 లాభం షేరుకు 44 యూరోలు. పీఈ 48.

ఒక లెక్క వేద్దాం. వచ్చే పదేళ్లు ఏటా 10 శాతం చొప్పున లాభం పెరిగిందనుకోండి. ఒక్క ఏడాది కూడా తడబడకుండా. పదేళ్లకు లాభం 2.6 రెట్లవుతుంది. అప్పటికి మార్కెట్ దీనికి 48 బదులు 25 పీఈ ఇస్తే షేరు ఇప్పటికన్నా 35 శాతమే పైన ఉంటుంది. ఏడాదికి 3 శాతం. మన ఊళ్లో బ్యాంకు డిపాజిట్ కన్నా తక్కువ. పీఈ 35 దగ్గర ఆగితే ఏడాదికి ఆరున్నర శాతం. పదికి పది రావాలంటే పదేళ్ల తర్వాత కొనేవాడు కూడా 48 రెట్లు ఇవ్వడానికి సిద్ధంగా ఉండాలి.

డల్లాస్‌వాసి
మాస్టారూ, ఇదే మాట 2015లోనూ అన్నారు. అప్పుడు షేరు 310 దగ్గర, పీఈ 33, "చాలా ఖరీదు" అన్నారు. కొననివాళ్లకి ఏడు రెట్లు చేజారింది.

లెక్కలమాస్టారు
నిజమే. ఆ ఏడు రెట్లను విడదీసి చూడండి. 2015లో నికర లాభం 97 కోట్లు, 2024లో 460 కోట్లు. అంటే 4.7 రెట్లు లాభం నుంచి వచ్చింది, అది కంపెనీ సాధించింది. మిగతా ఒకటిన్నర రెట్లు పీఈ 33 నుంచి 48కి పెరగడం వల్ల వచ్చింది, అది మార్కెట్ ఇచ్చింది. మొదటిది మళ్లీ జరగొచ్చు. రెండోది మళ్లీ జరగాలంటే పీఈ 70 కావాలి. దాని మీద నా డబ్బు పెట్టను.

లోయర్‌ట్యాంక్‌బండ్
నాది చిన్న ప్రశ్న. ఎర్మెస్‌ని ఎవరైనా పెద్ద కంపెనీ కొనేస్తే మనకి ప్రీమియం రాదా?

పారిస్‌తెలుగు
ఆ ప్రయత్నం చేసింది ఎల్‌వీఎంహెచ్చే. ఫ్రాన్స్ వ్యాపార చరిత్రలో పెద్ద గొడవల్లో అదొకటి, కాస్త వివరంగా చెప్తాను.

2010 అక్టోబరులో ఎల్‌వీఎంహెచ్ హఠాత్తుగా ప్రకటించింది, ఎర్మెస్‌లో తమకు 17 శాతం వాటా వచ్చిందని. ఎవరికీ తెలియకుండా ఎలా కూడబెట్టారంటే ఈక్విటీ స్వాప్‌ల (షేరు చేతిలో లేకుండానే దాని లాభనష్టాలు పొందే ఒప్పందాల) ద్వారా. బ్యాంకులతో ఒప్పందాలు చేసుకుని, వాటా వెల్లడించాల్సిన హద్దులకు పైకి తేలకుండా నడిపి, చివరికి వాటిని అసలు షేర్లుగా మార్చుకున్నారు. 1837లో తియెరీ ఎర్మెస్ గుర్రాల పట్టాలు, కళ్లేలు చేసే వర్క్‌షాపుగా మొదలుపెట్టిన సంస్థ అది, అప్పటికి ఐదారు తరాల వారసులు. చాలామంది మధ్య షేర్లు చెదిరి ఉన్నాయి, ఒక్కొక్కరిని విడదీసి కొనడం కష్టం కాదని బయటివాళ్లు అనుకున్నారు. కుటుంబం ఒక్కటైంది. 2011లో హెచ్51 అనే హోల్డింగ్ కంపెనీ పెట్టి సగానికి పైగా వాటాను అందులో కట్టేసి, ఏళ్ల తరబడి అమ్మకుండా ఒప్పందం చేసుకుంది. 2013లో ఫ్రెంచి మార్కెట్ నియంత్రణ సంస్థ ఎల్‌వీఎంహెచ్‌కి 80 లక్షల యూరోల జరిమానా వేసింది. 2014 సెప్టెంబరులో రాజీ కుదిరి, ఎల్‌వీఎంహెచ్ ఆ షేర్లను తన వాటాదారులకే పంచేసింది.

అందుకే కుటుంబం చేతిలో దాదాపు మూడింట రెండు వంతులు ఉన్నాయి, అమ్మరు. టేకోవర్ ప్రీమియం ఆశ పెట్టుకోకండి. మార్కెట్లో తిరిగే షేర్లు తక్కువ, పీఈ అంత ఎత్తున నిలబడటానికి అదీ ఒక కారణమని నా ఉద్దేశం.

తుంగభద్ర
పడిన లగ్జరీ షేరు కొనేముందు కేరింగ్ ఏమైందో ఒకసారి చూడండి. గూచీ వాళ్లదే. 2021లో 800 యూరోల దగ్గరికి వెళ్లిన షేరు 2025లో 200 కిందికి కూడా దిగింది. 2022 చివర్లో 475 దగ్గర ఉన్నప్పుడు పీఈ 16 మాత్రమే. చవక అనిపించింది చాలామందికి. అప్పుడే డిజైనర్ అలెస్సాండ్రో మికేలే వెళ్లిపోయాడు. తర్వాత వచ్చిన సబాటో దె సార్నో రెండేళ్లు ఉన్నాడు, 2025లో డెమ్నా అనే డిజైనర్ వచ్చాడు. ఈ మధ్యలో గూచీ అమ్మకాలు 1,050 కోట్ల నుంచి 765 కోట్లకు పడ్డాయి. షేరుకు లాభం 29 యూరోల నుంచి 9కి వచ్చింది. కాబట్టి ఆ 16 పీఈ నిజానికి 50 పీఈ. పైగా క్రీడ్ పెర్‌ఫ్యూములు కొనడానికి 350 కోట్లు పెట్టి అప్పు పెంచుకున్నారు.

గూచీ మీద కేరింగ్ ఎంత ఆధారపడిందో, మాస్టారు చెప్పిన 78 శాతం అంకె చూస్తే నాకు అదే గుర్తొస్తోంది.

డల్లాస్‌వాసి
తుంగభద్ర గారూ, ఆ పోలిక పూర్తిగా ఒప్పుకోను. గూచీ ఒక డిజైనర్ అభిరుచి మీద నడిచింది, ఆయనతో పాటు ఫ్యాషన్ మారింది. లూయీ విట్టన్ మోనోగ్రామ్ కాన్వాస్ 1896 నుంచి ఉంది. ఎంతమంది డిజైనర్లు మారినా అదే అమ్ముడవుతోంది. ఎల్‌వీఎంహెచ్‌ది అప్పు కూడా తక్కువ, 2024లో చేతికొచ్చిన ఫ్రీ క్యాష్ ఫ్లో (ఖర్చులు, పెట్టుబడులు పోను మిగిలిన నగదు) వెయ్యి కోట్ల యూరోలు పైనే. గడ్డుకాలంలో ప్రకటనలకు, దుకాణాలకు ఖర్చు పెట్టగలిగినవాడే తర్వాత గెలుస్తాడు.

చైనా గురించి కూడా చెప్పాలి. జపాన్‌లో అమ్మకాలు 2024 రెండో త్రైమాసికంలో 57 శాతం పెరిగాయి, 2025లో అదే త్రైమాసికంలో 28 శాతం పడ్డాయి. జపాన్‌వాళ్ల అభిరుచి ఏడాదిలో తిరగబడలేదు. యెన్ చవకైనప్పుడు చైనా పర్యాటకులు టోక్యో వెళ్లి కొన్నారు, యెన్ బలపడ్డాక ఆగారు. ఈ త్రైమాసికం అంకెల్లో ఇలాంటి గందరగోళం చాలా ఉంది.

లెక్కలమాస్టారు
జపాన్ విషయంలో మీరన్నది సరైనది, నేను దాన్ని తక్కువగా చూశాను. కేరింగ్ పోలిక విషయంలో కూడా మీ వైపే మొగ్గుతాను. విట్టన్ గూచీ అంత పెళుసు కాదు.

నేనైతే ఇలా లెక్కిస్తాను. ఫ్యాషన్ విభాగం మార్జిన్ 33 దగ్గర స్థిరపడి, అమ్మకాలు ఇక్కడే ఆగితే షేరుకు లాభం 21 దగ్గర ఉంటుంది. 500 పెడితే పీఈ 24. ఎదుగుదల లేని కంపెనీకి అది ఎక్కువే. 2023 లాభం తిరిగొస్తే షేరుకు 30, అప్పుడు పీఈ 17 లోపు, మంచి బేరం. ఇవాళ్టి ధరలో ఈ రెండింటికీ మధ్య ఏదో ఒకటి జరుగుతుందన్న అంచనా ఉంది. 400 దగ్గర దొరికితే చెడ్డ పరిస్థితిలో కూడా పీఈ 19, డివిడెండ్ 3 శాతం పైన. అక్కడైతే ధైర్యంగా కొంటాను. 500 దగ్గర కొనాలనుకుంటే నిర్ణయించుకున్న మొత్తంలో మూడో వంతు మించి పెట్టను.

ఇంకో విషయం, వారసత్వం. ఆర్నోకి 2025లో 76 ఏళ్లు. పదవిలో ఉండే వయోపరిమితిని 2022లో 80కి, 2025లో 85కి పెంచారు. ఐదుగురు పిల్లలూ గ్రూపులో బాధ్యతల్లో ఉన్నారు, డెల్ఫీన్ 2023 నుంచి డియోర్ నడుపుతోంది. ఓట్లలో మూడింట రెండు వంతులకు దగ్గరగా కుటుంబానిదే. తర్వాత ఎవరన్నది ఇప్పటికీ చెప్పలేదు. పదేళ్లు ఉంచుకునేవాళ్లు దీన్ని తప్పించుకోలేరు.

ఓరుగల్లు_పెట్టుబడి
ఇంత తిప్పలెందుకు, టైటాన్ లేదా?

లెక్కలమాస్టారు
టైటాన్‌దే అయిన తనిష్క్ అమ్మేది చాలావరకు బంగారం. ధరలో పెద్ద భాగం లోహానిదే, మార్జిన్ సన్నం. వ్యాపారం బాగుంది, కానీ ఇది వేరే జాతి. పైగా 2025 ఆగస్టులో, 2024-25 లాభం 3,337 కోట్ల రూపాయల మీద పీఈ 90 పైన ఉంది. దానికి వేరే చర్చ పెట్టండి, వస్తాను.

గోదారిగట్టు
అందరికీ చాలా కృతజ్ఞతలు. ముఖ్యంగా 78 శాతం అంకె, 33 శాతం మార్జిన్ లెక్క నా ఆలోచనను మార్చాయి. మాస్టారు చెప్పినట్టు మూడో వంతుతో మొదలుపెట్టాలనుకుంటున్నాను. నేను రాజమండ్రిలో ఉంటాను. ఇక్కడి నుంచి కొనే దారి, పన్నుల సంగతి ఎవరైనా చెప్పగలరా?

ఆడిటర్_విజయవాడ
చెప్తాను. ఎల్ఆర్ఎస్ (విదేశాలకు డబ్బు పంపుకునే రిజర్వు బ్యాంకు పథకం) కింద ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల దాకా పంపొచ్చు. 2025 ఏప్రిల్ నుంచి 10 లక్షల రూపాయలు దాటిన మొత్తం మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్ (ముందుగానే వసూలు చేసే పన్ను) పట్టుకుంటుంది. అది ఖర్చు కాదు, రిటర్నులో సర్దుబాటు చేసుకోవచ్చు, కానీ అప్పటిదాకా డబ్బు ఇరుక్కుంటుంది.

అమెరికా బ్రోకర్ ద్వారా ఏడీఆర్ కొంటే ఐదు కలిసి ఒక అసలు షేరుతో సమానం, ఎర్మెస్‌కైతే పది. ఏడీఆర్ అయినా ఫ్రాన్స్ లావాదేవీ పన్ను పడుతుంది, 2025 ఏప్రిల్ నుంచి 0.4 శాతం, కొన్నప్పుడు మాత్రమే. మాటిమాటికీ కొని అమ్మేవాళ్లకి ఇది నొప్పి, మీలాంటి వాళ్లకి పర్వాలేదు. ఎల్‌వీఎంహెచ్ డివిడెండ్ ఏడాదికి రెండు విడతలుగా వస్తుంది, డిసెంబరులో, ఏప్రిల్‌లో. ఫ్రాన్స్‌లో పన్ను కోసుకుని మిగతాది చేతికిస్తారు. ఇక్కడ అది మీ స్లాబ్ ప్రకారం పన్ను పడే ఆదాయం. అక్కడ కట్టినదానికి క్రెడిట్ కావాలంటే, 2025 నాటి నిబంధన ప్రకారం, ఫారం 67 తప్పనిసరి. 24 నెలలు దాటాక అమ్మితే లాభం మీద 12.5 శాతం, ఆపైన సెస్సు.

రిటర్నులో విదేశీ ఆస్తుల షెడ్యూల్ ఎఫ్ఏ మర్చిపోవద్దు. ఒక్క షేరు ఉన్నా చూపాలి, అదీ ఆర్థిక సంవత్సరం లెక్కన కాదు, జనవరి నుంచి డిసెంబరు లెక్కన. నా దగ్గరికి వచ్చే నోటీసుల్లో ఎక్కువ భాగం దీని గురించే. 2025లో యూరో వంద రూపాయలు దాటిందన్నది కూడా మనసులో పెట్టుకోండి. షేరు కదలకపోయినా మారకపు రేటు మీ లెక్కను అటో ఇటో జరుపుతుంది.

లెక్కలమాస్టారు
గోదారిగట్టు గారూ, మిగతా రెండు వంతులు ఎప్పుడు పెట్టాలన్నదానికి: మొదటి, మూడో త్రైమాసికాల్లో ఎల్‌వీఎంహెచ్ అమ్మకాలు మాత్రమే చెబుతుంది, లాభం ఆర్నెల్లకోసారే. కాబట్టి 2025 అక్టోబరులో ఫ్యాషన్, లెదర్ విభాగం ఆర్గానిక్ అంకె (మారకపు రేట్లు, కంపెనీల కొనుగోళ్ల ప్రభావం తీసేసిన పెరుగుదల శాతం) ఒక్కటి చూడండి. రెండో త్రైమాసికంలో అది మైనస్ 9. అది మైనస్ 3, 4కి తగ్గితే అమ్మకాల పతనం ఆగుతోందని అర్థం. మైనస్ 9 దగ్గరే ఉంటే జనవరి చివర్లో పూర్తి సంవత్సరం మార్జిన్ వచ్చేదాకా కదలకండి. ఆ రోజు ఈ చర్చలోనే మళ్లీ రాస్తాను.